పేడగుంత

కొట్టంలో ఆవుల కింద తడిసిన కానుగాకును దేవకమ్మ చేతులతో ఎత్తి గంపకు వేసుకుంటుంటే, గడపలో కూర్చున్న అత్త సుబ్బులమ్మ అన్నది: "అందరిండ్లల్లో పేడ పిడకలైతాది. మా ఇంట్లో మన్నైతాది."

మూడేళ్లుగా అదే మాట. పేడంతా పొయ్యిలో కాల్చేస్తే చేనుకేం మిగులుతుందని దేవకమ్మ బాధ. అందుకే కాణిపాకం దాపునున్న ఈ ఊరికి కాపురానికొచ్చాక ఆవుల కింద ఆకు పరిచింది. మూత్రం ఇంకిన ఆకునూ పేడనూ పొరలుగా గుంతలో వేసి మట్టి కప్పింది. "పిడకలొద్దన్నది నువ్వే కదమే, కట్టెలు నువ్వే తెచ్చుకో" అన్నాడు మొగుడు మునిరత్నం. తెల్లవారకముందే గుట్టకు పోయి మోపు తెచ్చేది. కాలిలో ముల్లు దిగితే తనే తీసుకునేది. చేను అందరిదీ, మోపు మాత్రం నాదెట్లయింది అనుకునేది. ఎవరితోనూ అనలేదు. గుంత పని ఒక్క రోజూ మానలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు వానలు లేవు. మేత లేక ఊళ్లోవాళ్లు పశువులను సంతకు తోలారు. దేవకమ్మ ఎరువు వేసిన మడిలో మాత్రం, బావిలో మిగిలిన కాసిని నీళ్లకే మేతజొన్న ఏపుగా పెరిగి కంకి వేసింది. రెండావులూ పాలు తగ్గించలేదు. చంటిబిడ్డల తల్లులు చెంబులతో వస్తే సుబ్బులమ్మే పోసి పంపింది.

సంగతి విని చిత్తూరు నుంచి వ్యవసాయశాఖ ఆఫీసరు వచ్చాడు. గుంతలోంచి నల్లటి ఎరువు పిడికెడు తీసి వాసన చూశాడు.

"ఇంత మంచి ఎరువు నేను చూడలేదు. ఎట్ల చేసినావప్పా?"

"మా నాయన కాలం నుంచీ ఇంతే సార్" అన్నాడు మునిరత్నం.

"ఎన్నాళ్లు మాగబెడతారు?"

మునిరత్నం పెండ్లాం వైపు చూశాడు. సుబ్బులమ్మ లేచి వచ్చింది.

"వానికేం తెలుసయ్యా. నేను మూడేండ్లు తిడతా ఉంటే మా కోడలు చేసింది. ఆ యమ్మిని అడుగు."

దేవకమ్మ ఆకు దగ్గర మొదలుపెట్టి, ఆరునెలల మాగుడు దాకా తడుముకోకుండా చెప్పింది. ఆఫీసరు కాగితం తీసి రాసుకున్నాడు.

"సోమవారం పక్కూరి రైతులకు చెప్తావామ్మా?"

"దానికి యాడ తీరుతాది సార్, ఇంటి పనుండాది" అన్నాడు మునిరత్నం. "నేను పోయి సెప్తాలే."

దేవకమ్మ గొంతు పెంచలేదు.

"సోమవారం నేనే పోతాను. ఆ పొద్దు మీరే పాలు పితికి, కట్టెలు తెచ్చి, అత్తకు సంగటి కెలికి పెట్టండి."