ఇటుకల అల్లుడుగారు

ట్యాంకులు తయారుచేసే ఆ కార్ఖానాలో పదకొండేళ్లుగా బలాబలాల లెక్కలు చూసేది ఒకావిడ. డిజైన్ గదిలో అందరికీ ఆమె అక్కే. కిందటి నెల ఆమె నెత్తిన ఒక పెద్ద కుర్చీ వేశారు. అందులో కూర్చున్నది యజమాని అల్లుడు. అర్హత ఏమిటంటే అదే.

పలచటి రేకుతో చేసే నలుచదరపు నీళ్ల ట్యాంకు ఒకటి వచ్చింది. కంప్యూటర్లో దాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, నీటి ఒత్తిడికి గోడ ఎంత ఉబ్బుతుందో చూడాలి. పది మిల్లీమీటర్లు దాటకూడదు. ఏ రకం ముక్క వాడాలన్నదే కిటుకంతా. రేకుకి షెల్ అనే పలచటి పలకముక్క వాడాలంది అక్క. ఇటుకల్లాంటి ఘనపు ముక్కలే కావాలన్నాడు అల్లుడు.

"షెల్ కాగితంలా ఉంటుంది. దానికి మందమేదీ? కస్టమర్ నవ్విపోతాడు."

"మందం అంకెగా ఇస్తాం సార్. రేకు మందంలో ఒకే ఒక్క ఇటుక పేరిస్తే అది వంగనని మొరాయిస్తుంది. ట్యాంకు ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది."

"గట్టిగా కనిపిస్తే మంచిదేగా!"

గుడ్డి గుర్రానికి పళ్లు తోమడమెందుకని అక్క లేచి వచ్చేసింది.

అల్లుడి ఇటుకల లెక్క కంప్యూటర్లో రెండ్రోజులు నడిచి మూడు మిల్లీమీటర్లంది. అక్క షెల్ పది నిమిషాల్లో ఇరవై రెండంది. రెండు కాగితాలూ యజమాని ముందు పెట్టింది. ఆయన అల్లుడి కాగితం మీది రంగుల బొమ్మ చూసి మురిసిపోయాడు.

"ఎంత ముచ్చటగా ఉందో చూడమ్మా!"

అల్లుడి లెక్క ప్రకారమే ట్యాంకు తయారైంది. పరీక్షకి నీళ్లు పట్టారు. సగం దాటగానే వెల్డింగ్ మేస్త్రి పక్కనుంచి తొంగిచూసి, "ఏంటమ్మా, దీనికి నెలలు నిండినట్టున్నాయి," అన్నాడు. నలుగురూ కిసుక్కుమన్నారు. నిండాక అక్క దారం లాగి, స్కేలు పెట్టి కొలిచింది. ఇరవై ఒకటి.

"రేకు నాసిరకం," అన్నాడు అల్లుడు.

"రేకు కొన్నది నేను," అన్నాడు మామ.

అక్క చెప్పినచోట ఆసరాగా రెండు వరసల ఇనుప యాంగిళ్లు అతికితే గోడ దారికొచ్చింది.

"రిపోర్టు మీద మావాడి సంతకం కూడా ఉండనివ్వమ్మా. ఇంట్లో పిల్ల చిన్నబుచ్చుకుంటుంది," అన్నాడు యజమాని.

"అలాగే సార్. షెల్ ఎందుకు వాడామో నాకు ఒక్క ముక్కలో చెప్పి సంతకం పెట్టమనండి."

అల్లుడు ఫోనేదో వచ్చినట్టు బయటికి నడిచాడు. అక్కకి గెలిచానన్న సంబరం రాలేదు. పదకొండేళ్ల అనుభవం మాట నమ్మడానికి వీళ్లకి ట్యాంకెడు నీళ్లు సాక్ష్యం కావాల్సొచ్చిందే అని రోత పుట్టింది. రిపోర్టు మీద తన సంతకం ఒక్కటే గీసి, కాగితాన్ని యజమాని ముందుకి తోసింది.