వెయ్యి వరుసల దగ్గర ఆగిపోయిన లెక్క

ఆ ఆఫీసులో ఆమెను ఎక్స్‌ప్రెస్ అనేవారు. దారిలో ఎక్కడా ఆగే అలవాటు లేదు మరి.

పిల్లల పాఠాలకు కదిలే బొమ్మలు తయారు చేసే కంపెనీ అది. అందుకు బోలెడన్ని కంప్యూటర్లు కావాలి. వాటిని ఇంటర్నెట్ మీద గంటల లెక్కన అద్దెకు తీసుకుంటారు, గిరాకీని బట్టి ఆ రేటు క్షణక్షణం మారుతూ ఉంటుంది. మంగళవారం ఒక్కరోజుకే అద్దె నాలుగింతలు వచ్చింది. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఆ అద్దె కంప్యూటర్ల మీదికి పని ఎక్కించింది మాస్టారు. ఆఫీసులో సగం మందికి పని నేర్పాడు కాబట్టి ఆయనకా పేరు. ఎక్స్‌ప్రెస్‌కీ ఆయనే నేర్పాడు.

“నేను ఎక్కించినప్పుడు రేటు తక్కువే ఉంది,” అన్నాడాయన.

రేటు చూడకుండా ఎక్కించాడని తేలితే శుక్రవారంతో ఆయన్ని పంపించేస్తానన్నాడు మేనేజరు. పాత రేట్లు బయటికి తీసే పని ఎక్స్‌ప్రెస్‌కి అప్పజెప్పాడు. ఆమె ఇరవై వరుసల కోడ్ రాసి, అరగంటలో తెప్పించి, వేళల ప్రకారం పేర్చేసింది. పట్టికలో మొట్టమొదటి రేటే మండిపోతోంది. గురువారం మీటింగులో అందరి ముందూ లేచి, “పొద్దుట్నుంచీ రేటు ఎక్కువే సార్,” అనేసింది. మాస్టారు ఆమె వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు.

శుక్రవారం పొద్దున అత్తగారు కాఫీ ఇస్తూ ఈ కథంతా విన్నది.

“తొమ్మిదింటికి ఎంత ఉందంట?”

“పొద్దుట్నుంచీ ఎక్కువే అత్తయ్యా.”

“పొద్దుటి సంగతి కాదమ్మా. తొమ్మిదింటికి.”

ఎక్స్‌ప్రెస్ లాప్‌టాప్ తెరిచింది. పట్టికలో మొదటి వరుస పదకొండుంబావుది. మొత్తం వరుసలెన్నో చూసింది. సరిగ్గా వెయ్యి. ఆ రేట్లిచ్చే వాళ్లు విడతకు వెయ్యి వరుసలే ఇస్తారు, అదీ కొత్తవి ముందు, పాతవి తర్వాత. మిగతావి కావాలంటే మళ్లీ మళ్లీ అడగాలి. ఆమె కోడ్ ఒక్కసారి అడిగి చేతులు దులుపుకుంది. అయిపోయేదాకా అడుగుతూనే ఉండమని కోడ్‌లో ఇంకో నాలుగు వరుసలు కలిపితే మూడు వేల పైచిలుకు రేట్లు వచ్చిపడ్డాయి. తొమ్మిదింటికి రేటు మామూలుగానే ఉంది. పెరిగింది పదింబావు దాటాక.

ఆమె వెళ్లేసరికి మాస్టారు సొరుగు ఖాళీ చేస్తున్నాడు.

“తప్పు నాదే మాస్టారూ. మేనేజరుగారికి మెయిల్ పెట్టేశాను, మీరింక ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.”

ఆయన ఆమె చేతిలోని కొత్త పట్టిక కాయితం అందుకుని, తొమ్మిదింటి వరుస మీద వేలు పెట్టాడు.

“మెయిల్ ఆయనొక్కడికేనా?”

“అవునండీ.”

“నిన్న ఆయనొక్కడికే చెప్పావా అమ్మాయ్?”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఏడుపొచ్చింది కూడా. మేనేజరు గదికి వెళ్లి, అందర్నీ మళ్లీ పిలిపించమని అడిగింది. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. మాస్టారు వెనక వరుసలో కూర్చున్నాడు.

“నిన్న నేను తెచ్చిన రేట్లు సగం కూడా కావు,” అంది ఎక్స్‌ప్రెస్. “మాస్టారు రేటు చూసే ఎక్కించారు. చూడకుండా మాట్లాడింది నేను.”

ఆమె కూర్చోబోయింది.

“తొమ్మిదింటికి రేటెంతో చెప్పలేదు,” అన్నాడు మాస్టారు.

ఆమె మళ్లీ నిలబడి, అంకెతో సహా చెప్పింది.