ఎనిమిది శుభ్రమైన కంచాలు

నజీహాకు అనుమానం పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగంతో వచ్చిందో కట్టుకున్న మొగుడికే తెలియదు. టమాటాలు ఒక్కొక్కటీ తిరగేసి గానీ తూకం వేయనివ్వదు. అంగట్లో 'తాజా గుడ్లు' అన్న అట్ట కనబడితే ఆ అట్ట ఎన్నాళ్ళ కిందటిదని అడుగుతుంది. వృద్ధుల ఇళ్ళను తనిఖీ చేసే కొలువులో పంతొమ్మిదేళ్ళుగా ఉంది. ముందే కబురు పెట్టి వెళితే ప్రతి ఇల్లూ స్వర్గంలాగే కనిపిస్తుందని ఈ పంతొమ్మిదేళ్ళలో నేర్చుకుంది. అందుకే ఎప్పుడూ చెప్పకుండా వెళుతుంది.

రంజాన్ పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం, బిజెర్త పట్నం రేవు వెనుక వీధిలో ఉన్న 'నారింజ తోట' అనే వృద్ధుల ఇంటి గంట మోగించింది. ఆవిడ సంచిలో ఆసుపత్రి డాక్టరు రాసిన ఉత్తరం ఉంది. బెయ్యా అనే డెబ్భై తొమ్మిదేళ్ళ ఆవిడను, రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పితే, పది రోజుల్లో రెండుసార్లు ఆ ఇంటి నుంచి మోసుకొచ్చారట. 'పొద్దున్నే ఇన్సులిన్ పొడుస్తున్నారు, తిండి మాత్రం పెట్టడం లేదు. మూడోసారి తెస్తే బతికిస్తానని మాటివ్వలేను' అని డాక్టరు రాశాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. ఎవరో ముసలివాళ్ళ నోటికాడ కూడు లాక్కుంటున్నారని నజీహా వచ్చే దారిలోనే తేల్చేసుకుంది. ఆ ఎవరో ఎవరన్నదే మిగిలింది.

తలుపు తీసింది హాయెత్. నలభై ఏళ్ళ మనిషి, అక్కడి ముసలమ్మల ఆలనాపాలనా చూసేది ఆమే.

"ఉపవాసంతో ఇంత దూరం వచ్చారు మేడమ్. ఆ సంచి ఇటివ్వండి, నేను పట్టుకుంటా."

"నా సంచి ముట్టుకోకు!" అంది నజీహా, దాన్ని చంకలోకి లాక్కుంటూ.

హాయెత్ చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. తనిఖీకి వెళ్ళిన చోటల్లా ముందు స్నానాలగది చూడటం నజీహా పద్ధతి. ఇక్కడా లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుని, ఐదు నిమిషాల తర్వాత ముఖం తుడుచుకుంటూ వచ్చింది. ఈలోగా ఆ ఇల్లు నడిపే వసీలా పరుగున వచ్చి నిలబడింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"బెయ్యా సంగతే కదా మేడమ్? మేం పెట్టకపోవడమేమిటండీ? పుస్తకం చూడండి. పూటపూటా రాస్తున్నాం."

నజీహా పుస్తకం చూసింది. పదకొండు రోజులు, ఎనిమిది మంది ముసలమ్మలు, అన్ని గడుల్లోనూ ఒకటే మాట: 'తిన్నారు'. ఒక్కరోజు కూడా ఒక్కరికీ అరుచి చేయలేదు, ఒక్కరూ సగం వదిలేయలేదు. ఆవిడ అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

వంటింట్లోకి నడిచింది. వంటమనిషి మోంజీ బొజ్జ చూడగానే దొంగ దొరికాడనుకుంది. కానీ పొయ్యి మీద నిజంగానే కోడిమాంసం వేసిన శోర్బా చారు ఉడుకుతోంది. రొట్టెలు లెక్కకు సరిపోయాయి. అతని సంచిలో చొక్కా, దువ్వెన తప్ప ఏమీ లేవు.

"వెతుక్కోండి మేడమ్, వెతుక్కోండి," అన్నాడు మోంజీ. "నా బాధల్లా ఉప్పే. ఉపవాసంతో రుచి చూడలేను గదా. మొన్న రెండుసార్లు వేసేశాను. సాయంత్రం గిన్నెలో మిగిలింది నాకితే నాలిక పొక్కింది."

"మరి ముసలమ్మలేమన్నారు?"

"ఏమీ అనలేదండీ! మామూలు రోజుల్లో ఉప్పు చిటికెడు ఎక్కువైతే ఏడు తరాలు తిడతారు. పాపం, ఉపవాసం ఉన్నవాణ్ణని జాలిపడ్డట్టున్నారు."

ముసలమ్మలు ఉప్పు విషయంలో జాలిపడటం నజీహా ఇంతవరకూ వినలేదు.

ఒంటిగంటకు భోజనాల గదిలో వడ్డన జరిగింది. రంజాన్‌లో పగలు తినేవాళ్ళు బయటికి కనబడకుండా కాఫీ కొట్ల అద్దాలకు అంటించినట్టు, ఆ గది కిటికీలన్నిటికీ పాత పేపర్లు అంటించారు. హాయెత్ ఎనిమిది కంచాలు పెట్టి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. నర్సూ, వసీలా, అందరూ నడవలో గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"ఇదేమిటి? లోపల ఎవరూ ఉండరా?"

"ఎలా ఉంటాం మేడమ్?" అంది హాయెత్. "మేం ఉపవాసంతో కళ్ళెదుట నిలబడితే వాళ్ళకు ముద్ద దిగుతుందా? పెద్దవాళ్ళు, సిగ్గుపడరూ?"

అరగంటకు కంచాలు బయటికి వచ్చాయి. ఎనిమిదీ అద్దాల్లా ఉన్నాయి. ఎముక లేదు, రొట్టె ముక్క లేదు, చెంచాలు పొడిగా ఉన్నాయి. పళ్ళు లేని నోళ్ళు తిన్న కంచాలు అలా ఉండవు. హాయెత్ పుస్తకం తీసి వరసగా 'తిన్నారు' అని రాసుకుపోతోంది.

"చూశావా, తినడం?"

"కంచాలు చూశానుగా."

నజీహా ఇంటి వెనక్కి నడిచింది. అక్కడ భోజనాల గది కిటికీ కింద పన్నెండు పిల్లులు కూర్చుని ఉన్నాయి. బిజెర్త పిల్లులు బక్కగా, కయ్యానికి కాలుదువ్వుతూ ఉంటాయి. ఇవి మాత్రం అల్లుళ్ళలా బలిసి, తీరిగ్గా మూతులు నాక్కుంటున్నాయి. ఒకదాని ముందు కోడి ఎముక. పైన కిటికీకి అంటించిన పేపరు ఒక మూల మడతపడి, నూనె మరకతో మెరుస్తోంది.

దొంగ దొరికింది. వంటవాడూ కాదు, వసీలా కూడా కాదు. పొద్దున ఏడింటికి పొడిచిన ఇన్సులిన్ ఆ ముసలి ఒంట్లో తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చింది.

"మళ్ళీ వడ్డించండి. ఈసారి నేను లోపల కూర్చుంటాను."

ఎనిమిది కంచాలు మళ్ళీ వచ్చాయి. ఒక్క చెయ్యి కదల్లేదు. బల్ల కొసన తెల్ల ముసుగులో కూర్చున్న మనిషే బెయ్యా. ఊళ్ళో అందరూ లల్లా అని గౌరవంగా పిలిచే పెద్దావిడ. గదిలో చలిగా ఉన్నా ఆవిడ పై పెదవి మీద చెమట పట్టి ఉంది. బల్ల మీద వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"తినండి లల్లా."

"నువ్వు ఉపవాసమేనా పిల్లా?"

నజీహా సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"మరి నీ ముందు మింగమంటావా నన్ను? ఏం పెంపకమే నీది!"

"పిల్లులకు పోస్తున్నారు. చూశాను."

బల్ల చుట్టూ ఏడు తలలు ఒక్కసారి వంగిపోయాయి. బెయ్యా మాత్రం వంచలేదు.

"అవును, పోస్తున్నాం. తొమ్మిదో ఏట మొదలెట్టాను ఈ ఉపవాసాలు. పురుళ్ళప్పుడు తప్ప ఒక్కటి వదల్లేదు. ఎనిమిదిమందిమీ మాటనుకున్నాం, ఏ ఒక్కత్తీ తినకూడదని."

"జబ్బుపడ్డవాళ్ళకు మినహాయింపు ఉంది లల్లా," అంది వసీలా ఏడుపు గొంతుతో. "ఇమామ్ గారు వచ్చి చెప్పారు కదా!"

"జబ్బుపడ్డవాళ్ళకు కదే! నాకేం, గుండ్రాయిలా ఉన్నాను." ఆ మాట సగంలోనే నాలుక తడబడింది. తల ఒకపక్కకు వాలిపోబోయింది.

నర్సు వేలు గుచ్చి చూసి కేకపెట్టింది. చక్కెర బాగా పడిపోయింది. వసీలా అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలన్నారు. హాయెత్ పంచదార నీళ్ళు తెచ్చి నోటి దగ్గర పెట్టింది. బెయ్యా నోరు బిగించి, గ్లాసును తోసేసింది. సగం నీళ్ళు బల్ల మీద ఒలికాయి.

"ఐదు గంటలు... ఐదే గంటలు..." అని గొణుగుతోంది. "వీళ్ళందరి ముందు నేనొక్కదాన్నీ ఏ మొహం పెట్టుకుని..."

అప్పుడు నజీహా తన సంచి విప్పింది. వచ్చినప్పటి నుంచి ఎవరినీ ముట్టుకోనివ్వని సంచి అది. అందులోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచింది. సగం కొరికిన రొట్టె, ఒక ఉడికించిన గుడ్డు. గదిలో అందరూ నోళ్ళు తెరిచారు.

"నాకూ చక్కెర జబ్బే," అంది. "నాలుగేళ్ళయింది. ఆఫీసులో ఎవరికీ తెలీదు. మా అత్తగారికి తెలీదు. పొద్దున కారులో తలవంచుకుని తిన్నాను. ఇందాక మీ స్నానాలగదిలో గడియ పెట్టుకుని తిన్నది ఈ రొట్టే. మీరు తిన్నామని అబద్ధమాడారు లల్లా, నేను తినలేదని ఆడుతున్నాను."

సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. పంతొమ్మిదేళ్ళుగా ఊరి దొంగలందరినీ పట్టిన మనిషి, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా బతికింది. అయినా గుడ్డు తీసి, అందరూ చూస్తుండగా, కొరికింది. పొడిగా గొంతుకు అడ్డం పడుతున్నా నమిలి మింగింది.

బెయ్యా కష్టపడి కళ్ళు తెరిచి ఆ గుడ్డు వైపు చూసింది.

"ఉప్పు లేకుండానా?"

"లేకుండానే లల్లా. స్నానాలగదిలో ఉప్పెక్కడుంటుంది?"

"ఛీ! ఏం బతుకే నీది!" బెయ్యా వణుకుతున్న చెయ్యి చాచింది. "హాయెత్, ఆ నీళ్ళిలా ఇవ్వు. పాపం, ఒంటరిగా తింటోంది."

గుక్కగుక్కగా తాగింది. పది నిమిషాలకు వేళ్ళ వణుకు తగ్గింది. నర్సు మళ్ళీ గుచ్చి చూసి హమ్మయ్య అంటూ కుర్చీలో కూలబడింది. బల్ల అవతల ఒక ముసలమ్మ పక్కావిడ వైపు చూసింది, పక్కావిడ ఇంకొకావిడ వైపు. తర్వాత ఎవరు ముందు ఎత్తారో గానీ చెంచాలు చప్పుడు చేశాయి. నర్సు గానీ హాయెత్ గానీ గోడవైపు తిరగలేదు.

వసీలా నజీహా పక్కకు వచ్చింది. "మేడమ్, మా లైసెన్సు..."

"తప్పు రాస్తాను వసీలా, రాయక తప్పదు. చూడకుండా 'తిన్నారు' అని రాశారు. మర్యాద కోసం తలుపు వేశారు, ఆ మర్యాదే మనిషిని మింగబోయింది. రేపటి నుంచి లోపల ఒకరు కూర్చోవాలి. వీళ్ళతో కలిసి తినాలి."

"మేడమ్, ఈ ఊళ్ళో రంజాన్‌లో తింటానని ఒప్పుకునే మనిషిని ఎక్కడినుంచి తేను?"

నజీహా తన డబ్బా మూత పెట్టింది. "నా ఆఫీసు ఇక్కడికి నాలుగు వీధులే. పండగ దాకా మధ్యాహ్నం నేను వస్తాను. తర్వాతి సంగతి తర్వాత చూద్దాం."

అంతలో బల్ల కొస నుంచి పెద్ద కేక వినబడింది.

"మోంజీ! ఎక్కడ చచ్చావురా? ఇది శోర్బానా, సముద్రమా? నీ చేతులు పడిపోను! ఇంత ఉప్పు పెళ్ళిలో వంద మందికి కూడా వేయరు కదరా!"

వంటింటి గుమ్మంలో మోంజీ మొహం చాటంతయింది. నజీహా హాయెత్ చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆ పూట గడులన్నీ కొట్టేసింది. బెయ్యా పేరు ఎదురుగా తన చేత్తో రాసింది: 'తిన్నది. నా కళ్ళతో చూశాను. ఉప్పు ఎక్కువైందని తిట్టింది.'