పెచ్చు ఊడిన చోటు

కట్టేసే వచ్చాను, గ్యాస్ నాబ్ తిప్పి చూసి, చెప్పులేసుకున్నాక మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి చూశాను కదా, అయినా అది కాదు ఇప్పుడు సంగతి, నా బుర్ర అంతే, అసలు భయం ఎదురుగా వచ్చి కూర్చుంటే దాని మొహం చూడలేక గ్యాస్ దగ్గరికో ఇస్త్రీ పెట్టె దగ్గరికో పారిపోతుంది, మేడం ఏది ఇయ్యమంటరు అని షాపాయన జయకృష్ణ మళ్ళీ అడుగుతున్నాడు, రాణిగంజ్‌లో శనివారం పొద్దున ఈ ట్రాలీ ఆటోల మోతలో ఆయన మాట సగమే వినిపిస్తోంది, కౌంటర్ మీద అన్నీ వరసగా పెట్టాడు, మామూలు సిమెంటు, అందులో కలిపే పాలలాంటి మందు డబ్బా, గంటలో గట్టిపడే రిపేర్ పౌడరు, రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ, అన్నీ మంచియే మేడం, మీకు ఎప్పటికి కావాలె, రేపటికి అన్నాను, రేపు మా గల్లీ బోనాలు, సాయంత్రం ఫలహారం బండి మా రెజిమెంటల్ బజార్ ఇంటి ముందు నుంచే పోతుంది, పోతరాజు సరిగ్గా మా బాల్కనీ కిందే ఆగి ఆడతాడు, అత్తమ్మ అక్కచెల్లెళ్ళు, మా ఆడబిడ్డలు, వాళ్ళ పిల్లలు, అందరూ ఆ బాల్కనీలోనే, ఒకరి భుజం మీంచి ఒకరు వంగి, రేపటికంటే గీ పౌడర్ తీస్కపోండ్రి మేడం, పెట్టినట్టే తెల్వది అంటున్నాడు, పెట్టినట్టే తెలియదు, ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను.

హ్యాండ్‌బ్యాగు బరువుగా ఉంది, పెచ్చు అందులోనే ఉంది, పాత పేపర్లో చుట్టి తెచ్చాను, మంగళవారం బాల్కనీ అడుగు నుంచి ఊడి పడిన ముక్క ఇది, ఒక్కటే, మిగతావి తుకారాం మేస్త్రీ ఊడ్చి కుప్ప చేశాడు, అనసూయమ్మ రోజూ ఆ నీడలోనే కూర్చుని పూలు అమ్ముకుంటుంది, ఆ పూట టీ తాగడానికి లేచి ఎదురు హోటలుకు పోయింది, పెచ్చు సూటిగా ఆమె పూలగంప మీద పడింది, గంప అడుగు తెగి బంతిపూలన్నీ రోడ్డు మీద, ఆమె గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది, నేను పై నుంచి చూస్తున్నాను, మా అత్తమ్మ విజయమ్మ వచ్చి చూసి, అయ్యో పూలన్నీ పాయె, పైసలిచ్చెయ్ కల్పా అంది, పూలకు ఇవ్వచ్చు, ఆమె కూర్చునే ఉంటే ఎవరికి ఏమిచ్చేవాళ్ళం, ఆ మాట అంటే మా ఆయన విజయేందర్ నవ్వాడు, కూసోలేదు కదా, ఏం కాలేదు కదా, మా నాయన కట్టించిన ఇల్లు, ఇన్నేండ్ల సంది నిలవడ్డది, నీకు గ్యాస్ లీకయితదని భయం, ఫ్యాను ఊడుతదని భయం, లిఫ్టంటే భయం, ఇప్పుడు బాల్కనీ షురూ చేసినవా, అని, నిజమే, నేను పిరికిదాన్నే, ఇంట్లో అందరికీ అదొక తమాషా, అందుకే నా భయాన్ని నేనే నమ్మను, అది వచ్చినప్పుడల్లా ఇది అసలుదా రోజూ వచ్చేదా అని అడుగుతాను, అది జవాబు చెప్పదు.

పేపరు విప్పి పెచ్చు కౌంటర్ మీద పెట్టాను, జయకృష్ణ దగ్గరికి వంగి చూసి ఇదేంది మేడం గిన్ని రంగులున్నయి అన్నాడు, అవును, అంచున పొరలు పొరలుగా ఉంది, ఇంట్లో చూసినప్పుడు ఇంత స్పష్టంగా కనిపించలేదు, లేత గులాబీ, దాని కింద పిస్తా పచ్చ, దాని కింద పసుపు, దాని కింద ఇంకేదో నీలం, రంగుకీ రంగుకీ మధ్య ఒక్కో వరస సిమెంటు, ప్రతి ఆషాఢంలో బోనాలకు ముందు అత్తమ్మ ఇంటికి రంగు వేయిస్తుంది, వేయించే ముందు తుకారాం వచ్చి ఊడినచోటల్లా సిమెంటు మాలు పూసి సాపు చేస్తాడు, దాని మీద ఆ ఏటి రంగు, లేత గులాబీ నిరుటిది, పిస్తా పచ్చ అంతకు ముందుది, నా పెళ్ళైన ఏడాది రంగు ఇంకా ఎంత కింద ఉందో, అమ్మవారు మన గల్లీలకొస్తే ఇల్లు కళకళలాడాలె కదనే అంటుంది అత్తమ్మ, తప్పేముంది, ఏ తప్పూ లేదు, కానీ పాతది చెక్కకుండానే కొత్తది, దాని మీద ఇంకా కొత్తది, పైన చూస్తే పాత షాబాదు బండల మీదే నున్నటి టైల్స్, అవి జారుతున్నాయని వాటి మీద గరుకు టైల్స్, ఏటేటా బాల్కనీకి బరువు పెరుగుతూనే ఉంది, మొక్కు తీర్చినట్టు పెంచుతూనే ఉన్నాం, కాంక్రీటు లోపలి ఇనుప చువ్వేమో ఏటేటా సన్నబడుతూ, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెడుతుంది, పెచ్చులూడేది అందుకే, కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీలో ఈ పాఠం చెప్పేది నేనే, పరీక్షనాళికలో మేకు వేసి చూపిస్తాను, పిల్లలు ఆవులిస్తారు.

సరే, భయపడుతూ నిలబడితే కాదు, ఆలోచించు కల్పలతా, ఏది పనికొస్తుంది, రెండు రోజులుగా చదివింది గుర్తు తెచ్చుకో, గట్టిదనం ఒక్కటే చూడకూడదట, పాత కాంక్రీటు కంటే మరీ గట్టిదయితే రెండూ కలవవు, ఎండకు అది ఉబ్బినంతే ఇదీ ఉబ్బాలి, అది ముడుచుకుంటే ఇదీ ముడుచుకోవాలి, ఆరేటప్పుడు కుంచించుకుపోయి అంచులు వదిలెయ్యకూడదు, గట్టిగా పట్టుకోవాలి, లోపలి తడిని ఊపిరాడకుండా మూసెయ్యకూడదు, ఇవన్నీ నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్తమ్మ చెప్పిన మాటలే, నవ్వొచ్చింది నాకు, షాపులో ఒక్కదాన్నే నవ్వాను, వట్టి సిమెంటు ఇసుక ఆరి కుంచించుకుపోతుంది, అది వద్దు, ఎపాక్సీ గట్టిదే కానీ మా బాల్కనీ పడమటి ఎండకు కాలిపోతుంది, పాతదానితో పాటు అది నడవదు, అదీ వద్దు, గంటలో గట్టిపడేది తొందర పనికి, తొందర నాకా అమ్మవారికా, పాలమందు కలిపిన మాలు అయితే పట్టుంటుంది, పాతదానికి దగ్గరగా ఉంటుంది, ఆ, అదే, అదే అని ఆ డబ్బా మీద చెయ్యి వేశాను, జయకృష్ణ మంచిగ సెలెక్ట్ చేసిండ్రు మేడం అన్నట్టు తలూపి, ముందుగాల చువ్వ సాఫ్ చేసి ప్రైమర్ కొట్టాలె, గీ బ్రష్‌తోని రుద్దుండ్రి అని ఇనుప బ్రష్ చేతికిచ్చాడు.

పెచ్చులోనే చువ్వ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, దాన్నే రుద్ది చూద్దామని, ఊరికే, బ్రష్ ఎట్లా పనిచేస్తుందో చూద్దామని రుద్దాను, ఎర్రటి పొడి రాలింది, మళ్ళీ రుద్దాను, ఒక పొర లేచింది, ఖాజా పొరలాగా, దాని కింద ఇంకో పొర, ఎక్కడో ఒకచోట తెల్లగా మెరుస్తూ ఇనుము తగలాలి కదా, ఇంకొంచెం, ఇంకొంచెం, చీర మీద ఎర్రటి పొడి, రుద్దుతూనే ఉన్నాను, ఆపలేకపోతున్నాను, చివరికి చేతిలో అగరబత్తి పుల్లంత మిగిలింది, వేళ్ళతో వంచితే టప్పున విరిగింది, జయకృష్ణ నవ్వడం మానేశాడు, ఇది ఎక్కడిది మేడం, పోర్షన్ లోపలి స్లాబా, బాల్కనీయా, బాల్కనీ అన్నాను, ఆయన ఎపాక్సీ డబ్బా మూత చేత్తో తుడుస్తున్నాడు, అది శుభ్రంగానే ఉంది, నిన్న స్టాఫ్ రూంలో మా ఫిజిక్స్ సార్ దుర్గేష్ నన్ను చేయి చాపమని దాని మీద రికార్డు పుస్తకాలు పెట్టాడు, బరువు ఎక్కడ లాగుతోందండి మేడం, భుజం పైనే కదా, మీ బాల్కనీ కూడా అంతేనండి, దాన్ని పట్టుకునే ఇనుము పై వైపున ఉంటుంది, కింద కనిపించేది కాదండి అసలుది, అన్నాడు, అసలుది పైన ఉంది, టైల్స్ కింద, బండల కింద, రోజూ బకెట్లతో నీళ్ళు పోసి కడిగే చోట, ఎవరికీ కనిపించని చోట, కింద ఉన్నదే ఇట్లా పుల్లయిపోతే పైన, పైన ఏముందో, అమ్మా.

ఫోను, అత్తమ్మ, ఎక్కడున్నవే ఇంకా, తుకారాం మాలు కలిపి కూసున్నడు, నీ మందు కోసం ఎంతసేపు చూస్తడు, నేనే పూయమన్న, సగం పూసిండు సుత, జెర ఆరితే మాపటికి రంగు కొడతడంట, ఊడిన జాగ అసలు కనవడుతలేదు, మంచిగయింది, అంటోంది, సంతోషంగా అంటోంది, వెనక నీళ్ళ చప్పుడు, చీపురు చప్పుడు, అత్తమ్మా ఆ చప్పుడేంది అన్నాను, సింధూరనే, బాల్కనీ కడుగుతున్నది, రేపటికి ముగ్గెయ్యాలె కదా, నీ బిడ్డకు బుద్ధొచ్చింది, చెప్పకముందే పని చేస్తున్నది అని నవ్వుతోంది, నా బిడ్డ, ఆ టైల్స్ మీద, బకెట్లతో, కౌంటర్ పట్టుకున్నాను, పరేషాన్ చెయ్యకు కల్పా అంటారు, పిరికిదానివి అంటారు, ఈ భయం అసలుదా రోజూ వచ్చేదా, అడిగాను, ఈసారి జవాబు ఉంది, గ్యాస్ భయం చూసి వస్తే తగ్గుతుంది, ఎప్పుడూ తగ్గుతుంది, ఇది చూసినకొద్దీ పెరిగింది, పెచ్చు చూస్తే పెరిగింది, రుద్దితే పెరిగింది, ఇది నా తలలోంచి వచ్చింది కాదు, నా చేతిలో విరిగింది, అత్తమ్మా సింధూరను లోపలికి పిలువుండ్రి, ఇప్పుడే, చీపురు గీపురు ఆడనే వదిలెయ్యమనుండ్రి, ఏమైందే, పిలువుండ్రి అత్తమ్మా మీ కాళ్ళు మొక్కుతా, నా గొంతుకు షాపులో వాళ్ళందరూ తిరిగి చూశారు, అత్తమ్మ ఈసారి నవ్వలేదు, నాతో పాటు భయపడింది, సింధూరా ఇగ రా బిడ్డా అన్న కేక వినపడింది, నీళ్ళ చప్పుడు ఆగలేదు, అత్తమ్మ మళ్ళీ పిలిచింది, ఆగలేదు, మళ్ళీ, ఆగింది, గడప మీద తడికాళ్ళ చప్పుడు, ఏంది నానమ్మా అని నా బిడ్డ గొంతు, తలుపు గొళ్ళెం పడిన చప్పుడు, అప్పుడు కౌంటర్ వదిలాను.

ఇగ ఏది ప్యాక్ చెయ్యాలె మేడం అని జయకృష్ణ మెల్లగా అడిగాడు, ఏదీ వద్దన్నాను, ఈ డబ్బాల్లో ఏది మంచిదో తేల్చుకోవడానికి వచ్చాను, ఏది పూసినా ముందు చేసేది ఒకటే, ఆ చోటును కనబడకుండా చేస్తుంది, కనబడకపోతే రేపు సాయంత్రం డప్పుల మోతకు అందరూ ఆ తలుపు తీసుకుని నవ్వుతూ బయటికి వస్తారు, అనసూయమ్మ కొత్త గంపతో ఆ నీడలోనే కూర్చుంటుంది, పోతరాజు అక్కడే ఆగుతాడు, మందు తర్వాత, టైల్స్ లేపి పైన ఇనుము ఇంజనీరుకు చూపించుకున్న తర్వాత, మిగిలేదేమైనా ఉంటే అప్పుడు, ఇప్పుడు నాకు కావలసింది స్లాబులు పోసేటప్పుడు కింద నిలబెట్టే ఇనుప జాకీలు, అవి కిరాయికి ఎక్కడిస్తరు అని అడిగాను, జయకృష్ణ ఎదురు సందు చూపించాడు, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, అత్తమ్మా, గొళ్ళెం తియ్యకుండ్రి, కింద తాడు కట్టి ఎవ్వర్నీ నిలవడనియ్యొద్దని చెప్పుండ్రి, తుకారాంను పూసిందంతా గీకెయ్యమనుండ్రి, రంగు గింగు ఏం వద్దు, పండుగ పూట ఇల్లు గిట్ల నోరు తెరుసుకోని ఉండాల్నా అని అత్తమ్మ అడిగింది, ఉండాలె అత్తమ్మా అన్నాను, ఉండాలి, చువ్వలు బయటపడి, అందవికారంగా, గల్లీలో పోయే ప్రతివాళ్ళూ తలెత్తి చూసి అడుగు పక్కకు వేసేట్టు ఉండాలి, ఇన్నాళ్ళూ ఇంట్లో భయపడటం నా ఒక్కదాని పనే అయింది, ఈ భయం మాత్రం అందరికీ కనబడాలి.