విత్తనానికి వదిలిన కాయ

ఎడమచేతి కుండ వంచిన తరువాతనే కుడిచేతి కుండ వంచాలి. రెండూ ఒక్కసారి వంచితే ఇసుక కోసుకుపోయి వేళ్లు బయటపడతాయి. పంకజాక్షి ముప్పై ఏళ్లుగా చెరువుకూ పాదులకూ మధ్య ఇలాగే నడుస్తున్నది. కేరళలోని చేర్తల తీరపు ఇసుక ఎంత నీరైనా తాగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ ఎండిపోతుంది. కొబ్బరిపీచు చాపలు నేసి నేసి బిరుసెక్కిన ఆమె వేళ్లు కుండమూతి చుట్టూ పూర్తిగా మూసుకోవు. అందుకని కుండలకు తాడు కట్టి మణికట్లకు చుట్టుకుంటుంది.

ఈ ఏడు తెగులు దోసపాదులన్నిటినీ తిని ఒక్కదాన్ని మిగిల్చింది. దాని తొలికాయ తొడిమకు ఆమె పీచుతాడు ముడివేసింది. ఆ ఊళ్లో తాడు కట్టిన కాయను దొంగ కూడా ముట్టడు; అది విత్తనానికి వదిలినది. నేల అన్నకు వచ్చింది, ఇల్లు అన్నకు వచ్చింది. ఆమెకు తల్లి ఇచ్చినవి గుప్పెడు దోసగింజలు. అన్న పోయాక వదిన భార్గవి ఆమెను ఇంట్లో ఉండనిస్తున్నది కూడా ఆ పాదుల పుణ్యమా అనే.

మూడో విడత నీళ్లతో వచ్చేసరికి కాయ లేదు. తాడు మాత్రం పాదు మొదట్లో పడి ఉంది.

"వదినా, తాడు కనబడలేదా?"

"ఎందుకు కనబడదూ? ఆ ముడి విప్పేసరికి నా గోళ్లు ఊడాయి." భార్గవి కొబ్బరి కోరుతూ తల ఎత్తలేదు. "కోడలి పుట్టింటివాళ్లు వస్తున్నారు. విస్తట్లో తాడు వడ్డించమంటావా?"

"అమ్మ విత్తనం వదినా. అదొక్కటే మిగిలింది."

"సంతలో పొట్లాలు దొరకవూ? అయినా తాడు నీదే, కాదన్లేదు. నేలెవరిదమ్మా?"

పంకజాక్షి కుండలు ఎత్తుకుని పాదు వైపు నడిచింది.

"కాయ ఎంత లేతగా ఉందో!" అని భోజనాల దగ్గర వియ్యపురాలు పెరుగుపచ్చడి మళ్లీ వేయించుకున్నది.

మధ్యాహ్నం పంకజాక్షి పెంటకుప్ప దగ్గర కూర్చుని, చెత్తలోంచి గింజలు ఏరి, కొబ్బరిచిప్పలోని నీళ్లలో వేసింది. తాలువన్నీ తేలాయి. ఏడు మునిగాయి. వాటికి బూడిద పట్టించి, పేడలో అదిమి, వంటింటి వెనుకగోడకు అరచేత్తో చరిచింది.

"గోడంతా పాడుచేశావ్!" కిటికీలోంచి భార్గవి అరిచింది.

"విత్తేదాకా ఉంచు వదినా. ఆ తర్వాత నేనే గీకేస్తా."

సాయంత్రం పాదుకు నీళ్లు పెడుతూ నాలుగోసారి కుండలు నింపుకుని ఆమె చెరువు మెట్టు మీద కూర్చున్నది. దీపం పెట్టేవేళ భార్గవి పిలిచింది. రెండుసార్లు విసుగుతో, మూడోసారి భయంతో. కుండలు నిండుగానే ఉన్నాయి. తాళ్లు మణికట్లకే ఉన్నాయి.

పంకజాక్షి పదహారోనాటి కర్మకు ముందు ఇంటికి రంగులు వేయించారు. వెనుకగోడ మీది పేడను గీకమని రంగులవాడికి ఎవరూ చెప్పలేదు, అతడూ అడగలేదు. లేతపచ్చ రంగు కింద, అయిదు వేళ్లూ విడివిడిగా తెలుస్తూ, అరచేయంత ఉబ్బు అక్కడే ఉండిపోయింది.