అ సొరుగు

డెబ్బై తొమ్మిదిలో నర్సీపట్నం డాక్టర్ నారాయణమూర్తిగారి ఆసుపత్రికి విశాఖపట్నం నుంచి ఒక ఇనప బీరువా వచ్చింది. నిండా సొరుగులే. రోగుల కార్డులు చూసే జ్ఞానానందం, పెళ్లిచూపుల్లో పరిమళను చూసినదానికంటే ఎక్కువసేపు దాన్ని చూశాడు. ఈ మాట పరిమళే అంది. అతను కాదనలేదు.

అంతవరకు కార్డులు బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి. ఎవరి కార్డు కావాలన్నా డబ్బా బోర్లించాల్సిందే. "కార్డు దొరికేలోపు రోగం దానంతటదే తగ్గిపోతోందయ్యా, నేనెందుకింక?" అని డాక్టరుగారు విసుక్కునేవారు.

జ్ఞానానందం విశాఖలో ఏదో ఆఫీసులో చూసొచ్చిన పద్ధతి పెట్టాడు. అక్షరానికో సొరుగు. మనిషి జాగ్రత్తపరుడు కాబట్టి ముందు పరీక్ష చేశాడు. తమ చర్చిలో అందరి పేర్లూ చీటీల మీద రాసి సొరుగుల్లో వేశాడు. కరుణకుమారి ఒకదాంట్లో పడింది, ప్రేమరాజు ఒకదాంట్లో, రత్నమణి ఇంకోదాంట్లో. ఏ సొరుగూ కిక్కిరిసిపోలేదు. దేవుడి దయ అనుకున్నాడు.

అయితే ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చర్చివాళ్లు పిడికెడు. తక్కినవాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల రైతులు. ఆ ఇళ్లలో ఎవరో ఒకరికి సింహాచలం అప్పన్న పేరు పెట్టకుండా ఊరుకోరు. అప్పలకొండ, అప్పయమ్మ, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ. అ సొరుగు మొదటి వారంలోనే మూసుకోవడం మానేసింది. ఔ సొరుగులో జ్ఞానానందం కారియర్ పెట్టుకున్నాడు. ఋ సొరుగులో తువ్వాలు ఆరేసుకున్నాడు.

సంత రోజు వచ్చింది.

"పేరేటి?"

"అప్పలకొండండి."

"ఏ అప్పలకొండ?"

"నానేనండి."

"బేగి తియ్యండి బాబూ, బస్సెల్లిపోద్ది!" అని వెనక నుంచి కేకలు. జ్ఞానానందం చేతికందిన అప్పలకొండను తీసి ఇచ్చాడు. లోపల డాక్టరుగారు కార్డులోంచి తలెత్తకుండానే "ఎన్నో నెల?" అని అడిగారు. ఎదురుగా ఉన్న అప్పలకొండ మీసం దువ్వుకుని, ఆలోచించి, "శ్రావణమేనండి" అన్నాడు.

సాయంత్రం డాక్టరుగారు పిలిచారు. "జ్ఞానానందం, వచ్చే సంతకి కూడా రోగుల వరస రోడ్డు మీదికి పోయిందంటే బీరువా మా ఇంటికి పోతుంది. మా ఆవిడ చీరలకి అడుగుతోంది."

అడగడమే కాదు, ఆవిడ అప్పటికే ఒక చీర మడతపెట్టి తెచ్చి సొరుగులో కొలిచి చూసుకుని వెళ్లారు. సరిగ్గా పట్టింది. అదీ జ్ఞానానందం బాధ.

ఇంటికొస్తే పరిమళ స్త్రీల ప్రార్థనకి వెళ్లింది. కాఫీ తనే పెట్టుకోవాలి. వంటింటి డబ్బాలు కూడా అక్షరాల వరసలో పెట్టమని నెలరోజులుగా ఆవిడకి చెబుతున్నాడు. "ఉప్పు కావాలంటే అచ్చులు సదువుకుంటా ఎతకాలేటండీ నాను?" అని ఆవిడ ఒప్పుకోలేదు. ఆ అడ్డదిడ్డంలోకి చెయ్యి పెట్టాడు. కాఫీపొడి చేతికి తగిలింది. పక్కనే పంచదార. పోపుడబ్బాలన్నీ ఒక్కచోట గుంపుగా ఉన్నాయి. క్రిస్మస్ కేకు గిన్నెలు వెనకెక్కడో దుమ్ము పట్టి ఉన్నాయి.

జ్ఞానానందానికి ఏదో తట్టింది. ఎక్కడ తట్టిందో మాత్రం అప్పుడే మరిచిపోవాలని నిశ్చయించుకుని, కాఫీ తాగి, డబ్బా ఎక్కడో పెట్టేశాడు.

మర్నాడు అక్షరాల చీటీలన్నీ పీకేశాడు. ఒక బస్సులో కలిసి వచ్చేవాళ్లంతా ఒక సొరుగు. నాతవరం బస్సుకొకటి, రావికమతం బస్సుకొకటి, నక్కపల్లి బస్సుకొకటి. కిందటి సంతకి వచ్చినవాళ్ల కార్డులు అందరికంటే ముందర. మళ్లీ వచ్చేది ఎక్కువగా వాళ్లే కదా.

సంత రోజు మీసాల అప్పలకొండే ముందొచ్చాడు.

"ఏ ఊరు?"

"నాతవరమండి. ఈసారి మగోడి కార్డు ఇవ్వండి బాబూ, మా ఇంటిది ఇంకా నవ్వుతంది."

కార్డు ముందరే ఉంది. వరస ఆసుపత్రి అరుగు దాటలేదు.

మధ్యాహ్నం డాక్టరుగారి భార్య నాలుగు చీరలతో వచ్చారు. "ఈ కిందివన్నీ ఖాళీయేగా జ్ఞానానందం?"

జ్ఞానానందం బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు. "ఖాళీ లేవండమ్మా. ఇంకా కోటవురట్ల బస్సు రావాలండి."

కోటవురట్ల బస్సు పొద్దున్నే వచ్చి వెళ్లిపోయింది. మాటలు విని బయటికొచ్చిన డాక్టరుగారు ఖాళీ సొరుగుల వంక చూశారు. జ్ఞానానందం మొహం చూశారు. "అవును, రావాలి" అని లోపలికి పోయారు.

ఇంట్లో పరిమళ పోపు వేస్తోంది. "బీరువా నిలబడిందేటండీ?"

"నిలబడింది. కొత్త పద్ధతి పెట్టేను. కలిసొచ్చేవన్నీ ఒక్కచోట పెట్టాల. వాడింది ముందర పెట్టాల. నీకు సెప్పినా తెలీదులే."

పరిమళ ఆవాల డబ్బా మూసి, యథాప్రకారం ముందర పెట్టింది. "ఎక్కడ నేర్సుకున్నారండీ ఇంత తెలివి?"

"విశాఖపట్నంలో."

"అవునా" అంటూ కాఫీ గ్లాసు అతని చేతికిచ్చింది. "మొన్న కాఫీపొడి డబ్బా తీసుకెళ్లి కేకు గిన్నెల ఎనకాల పెట్టేసేరు. వాడింది ముందర పెట్టాలని అక్కడ సెప్పనేదేటండీ?"