దూదిపుల్లలతో తేల్చిన పడవ

ముందే ఒప్పుకుంటున్నాను: గ్యాలరీకి వెళ్తే బొమ్మలకంటే ముందు నేను బెంచీ వెతుక్కుంటాను. పర్వీన్‌కు మాత్రం బెంచీ తప్ప ఇంకేమీ దక్కలేదు.

సౌదీలోని ధహ్రాన్‌లో అమీనా మేడమ్ ఇంట్లో పనిచేసే ఈ రాయచోటి మనిషి, పోయిన వేసవిలో వాళ్లతోపాటు ఇంగ్లండ్ వెళ్లింది. మేడమ్ గ్యాలరీలూ, కోటలూ చూస్తుంటే చంటిబిడ్డ బండి పట్టుకుని కూర్చోవడం ఆమె పని. ఒక పాత బంగళాలో మాత్రం బెంచీ ఎదురుగానే ఒకమ్మాయి పొగచూరిన పటాన్ని శుభ్రం చేస్తోంది. దూదిపుల్లను నాలుకపై తడిపి, గోరంత మేర తుడిచి, పారేసి, ఇంకోటి. పర్వీన్ రెండు గంటలు కళ్లప్పగించి చూసింది. మేడమీది గదులు చూడలేదు. ఈ వేసవిలోనైనా చూడాలని ఆశ.

చివరిరోజు ఒక చిత్రకారుడి స్టూడియోలో మేడమ్ సముద్రం బొమ్మ కొంది. అతిథులకు బుఖూర్ ధూపం పట్టడం ఆ ఇంటి మర్యాద. అంతదూరం నుంచి వచ్చిన బొమ్మ కూడా అతిథే కదా అని, పర్వీన్ ప్రతి శుక్రవారం ధూపం కుంపటి దాని కిందే పెట్టింది. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి సముద్రం డికాక్షన్ రంగుకు తిరిగింది.

"రేపు మా అత్తగారొస్తారు. ఇది ఇలాగే ఉంటే ఈసారి ఇంగ్లండ్‌కు నువ్వు రావు" అంది మేడమ్.

పర్వీన్ దూదిపుల్లల డబ్బా తెరిచింది. నీళ్ల క్యాన్ దించడానికొచ్చిన కడప డ్రైవర్ హబీబ్ నోరెళ్లబెట్టాడు.

"ఉమ్మితో తుడుస్తాండావా అక్కా! మేడమ్ చూస్తే నేరుగా ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిచ్చాది!"

"వాగింది చాలు గానీ ఆ టీ ఇట్టీ. నోరు ఎండిపోతాంది."

ముందు ఒక మూల. పుల్ల నల్లబడింది, మూల నీలమైంది. మధ్యాహ్నం దాటి అసర్ నమాజు వేళకు అలలు తేలాయి. వాటి మధ్య చిన్న ఎర్ర పడవ.

అప్పుడే మేడమ్ వచ్చింది. పుల్ల ఇంకా పర్వీన్ నాలుక మీదే ఉంది. దాచలేదు.

"ఆ బంగళాలో ఆ పిల్ల ఇట్లే చేసింది మేడమ్" అంది, వచ్చీరాని అరబిక్‌లో.

మేడమ్ పటం దగ్గరికి వెళ్లింది. "ఇక్కడ పడవ ఉందా?" అంది. బొమ్మ కొన్నది తనే, పడవను చూడటం ఇదే మొదటిసారి. డబ్బాలోంచి ఒక పుల్ల తీసి తన నాలుకపై పెట్టుకుంది.

"ఎక్కడ మిగిలింది?"

మర్నాడు అత్తగారు ఎవరు బాగుచేశారని అడిగితే, మేడమ్ పర్వీన్‌ను పిలిచి పక్కన నిలబెట్టుకుంది. "ఈసారి బండి నేను పట్టుకుంటాను. నువ్వు ఆ బంగళా మేడెక్కు" అంది.

బయట కూర్చోబెడితే మీరేం నేర్చుకున్నారు? రాయండి. టీ పెట్టుకుని చదువుతాను.